మొదటి ఇంజను ఎవరిది? లెన్వార్, ఒట్టో, బెంజ్ – కంప్రెషన్ వైపు నుంచి ఒక జవాబు

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. అంతర్దహన యంత్రాన్ని (ఇంధనం సిలిండర్ లోపలే మండే ఇంజనును) కనిపెట్టింది ఒట్టో అని పాలిటెక్నిక్ పుస్తకంలో ఉంది, ఒకచోట లెనోయిర్ (లెన్వార్) అని, మరోచోట కార్ల్ బెంజ్ అని చదివాను, ఏది నిజం అన్నది మొదటిది. తుపాకి మందు వందల ఏళ్లుగా తెలిసిందే కదా, ఆ పేలుడుతో యంత్రం నడపడానికి అంతకాలం ఎందుకు పట్టింది అన్నది రెండోది. లెనోయిర్ ఇంజను వందల్లో అమ్ముడుపోయి కూడా ఎందుకు కనుమరుగైంది అన్నది మూడోది.

మూడింటికీ నా జవాబు తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తుంది: కంప్రెషన్. అంటే మండించబోయే ముందు సిలిండర్లోని గాలిని గట్టిగా అదిమిపెట్టడం. ఆ ఒక్క పని విలువ గ్రహించడానికి ఐరోపాకు దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. దాన్ని చేసి చూపించిన ఒట్టోకే తన ఇంజను ఎందుకు బాగా నడుస్తోందో సరిగా అంతుపట్టలేదు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి కుదిపిన విషయం అది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాణ్ని. కాలువ గట్ల మీద నీళ్లు తోడే చిన్న ఇంజన్లు, రైసు మిల్లుల్లోని పెద్ద ఫ్లైవీళ్ల (ఊపు నిలబెట్టే బరువైన చక్రాల) ఇంజన్లు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టింది నలభై దాటాక. చదివేకొద్దీ నా చేతులకు ముందే తెలిసిన సంగతులే కనిపించాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే ఆయిల్ ఇంజను మీ ఊళ్లో ఎక్కడైనా ఉంటే ఒకసారి దగ్గర నిలబడి చూడండి. హెడ్ మీద చిన్న లివర్ ఉంటుంది. దాన్ని ఎత్తిపెడితే వాల్వు మూసుకోదు. లోపలికి వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది కాబట్టి హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఫ్లైవీల్ ఊపందుకున్నాక లివర్ దించేయాలి. వాల్వు మూసుకున్న ఆ క్షణాన, పైకి వస్తున్న పిస్టన్ ఎదుట గాలి గోడలా నిలబడుతుంది. హ్యాండిల్ పట్టుకున్న అరచేతికి ఆ గోడ తెలుస్తుంది. ఫ్లైవీల్ బరువు ఆ గోడను దాటిస్తే ధబ్బుమని మొదటి దెబ్బ పడుతుంది, సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ ఒక ముద్దగా బయటపడుతుంది. రింగులు అరిగిపోయిన ఇంజనులో లివర్ దించినా ఏదీ అడ్డు తగలదు. ఎంతసేపు తిప్పినా అంటుకోదు. ‘కంప్రెషన్ లేదు’ అని మెకానిక్ పెదవి విరిచేది అప్పుడే.

1876కు ముందు బజారులో అమ్ముడైన అంతర్దహన ఇంజన్లు దాదాపు అన్నీ ఆ గోడ లేని ఇంజన్లే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తుపాకి మందుతో ప్రయత్నించకపోలేదు. 1670లలో పారిస్‌లో ఉన్న డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ సిలిండర్ అడుగున చిటికెడు మందు పేల్చి చూశాడు. అయితే ఆయన వాడుకున్నది పేలుడు బలాన్ని కాదు. వేడి వాయువులు తోలు గొట్టాల గుండా బయటికి పోయాక, లోపల మిగిలినది చల్లారి కొంత శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు బయటి గాలి పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న డెనీ పపాన్ దీన్ని ఇంకొంత ముందుకు తీసుకెళ్లాడు గాని, ఎంత చేసినా అయిదో వంతు గాలి లోపలే మిగిలిపోతోందని గమనించి, 1690లో ఆవిరి వైపు మళ్లాడు. ఆవిరి చల్లారితే నీరైపోతుంది, కాబట్టి శూన్యం చక్కగా వస్తుంది. ఆ దారి ఆవిరి ఇంజన్లు చేసిన న్యూకోమెన్, వాట్‌ల వైపు వెళ్లింది.

తుపాకి మందుతో అసలు చిక్కు వేరే ఉంది. అది పొడి. ప్రతి దెబ్బకూ కొలిచి వేయాలి, మళ్లీ నిప్పు పెట్టాలి. నిమిషానికి వందసార్లు తనంతట తానే ఆ పని చేసుకునే ఏర్పాటు లేనిదే అది ఇంజను కాదు, ఫిరంగి. పొడితోనే ఆ పని చేయించాలని చూసినవారు ఫ్రాన్స్‌లోని నియెప్స్ సోదరులు. లైకోపోడియం అనే నాచు జాతి మొక్క బీజపు పొడిని గాలిలోకి ఊది మండించి, పడవ అడుగున నీటిని వెనక్కి తన్నేలా ఒక యంత్రం చేశారు. సోన్ నదిలో ఆ పడవ ప్రవాహానికి ఎదురు నడిచింది. 1807లో నెపోలియన్ సంతకంతో పేటెంటు వచ్చింది. ఆ ఇద్దరిలో నిసెఫోర్ నియెప్స్‌ను మనం మరో కారణంగా తలచుకుంటాం: ప్రపంచంలో నేటికీ మిగిలి ఉన్న అతి పాత ఫొటో తీసింది ఆయనే. అదే 1807లో స్విట్జర్లాండుకు చెందిన ఇసాక్ ద రివాజ్ హైడ్రోజన్‌ను విద్యుత్ నిప్పురవ్వతో పేల్చే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాబట్టి ‘మొట్టమొదట’ అన్న మాట పట్టుకుంటే 1807 దగ్గర ఆగాలి. కానీ ఆ రెండూ ఎవరి కార్ఖానాలోకీ వెళ్లలేదు.

పొడికి బదులు గ్యాసు దొరికాకే దారి తెరుచుకుంది. 1812లో లండన్‌లో వీధిదీపాల కోసం బొగ్గు గ్యాసు కంపెనీ ఏర్పడింది. తర్వాతి నలభై, యాభై ఏళ్లలో ఐరోపా పెద్ద నగరాలన్నిటిలో వీధుల కింద గ్యాసు గొట్టాలు పరుచుకున్నాయి. కుళాయి తిప్పితే వచ్చే ఇంధనం అది. గాలిలో ఇట్టే కలుస్తుంది, బూడిద మిగలదు. ఇంకో పక్క చిన్న కార్ఖానాలవాళ్ల అవసరం ఉంది. ఒకటి రెండు హార్స్‌పవర్ కోసం బాయిలర్ పెట్టలేరు. దానికి స్థలం కావాలి, నిప్పు చూసే మనిషి కావాలి, ఆవిరి పట్టేదాకా ఎదురుచూడాలి, పేలుతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. అచ్చు యంత్రం, లేతు, రంపం నడుపుకొనేవాడికి కావలసింది, అవసరమైనప్పుడు తిప్పి పని అయ్యాక ఆపేసే యంత్రం.

ఆ అవసరం తీర్చినవాడు ఎతియెన్ లెన్వార్. ఇంగ్లిషు అక్షరాలు చూసి మన పుస్తకాలు లెనోయిర్ అంటాయి. ఇప్పటి బెల్జియంలోని పల్లెటూరిలో 1822లో పుట్టి పారిస్ చేరిన మనిషి. 1860 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఇంజనును చూస్తే పడుకోబెట్టిన ఆవిరి ఇంజనే అనిపిస్తుంది. పిస్టన్‌కు రెండు పక్కలా పేలుడు జరుగుతుంది, లోపలికీ బయటికీ జారుడు పలకల వాల్వులు, నిప్పుకు బ్యాటరీ, కాయిలు. కొన్ని వందల ఇంజన్లు అమ్ముడయ్యాయి. పెద్ద సంఖ్యలో ప్రజల చేతికి వచ్చిన మొదటి అంతర్దహన యంత్రం ఇదే. దాన్ని బండికి బిగించి 1863లో పారిస్ నుంచి దగ్గరలోని జ్వాన్‌విల్‌కు వెళ్లి వచ్చాడు కూడా.

మరి ఎందుకు పోయింది? అందులో పిస్టన్ ఎలా నడుస్తుందో చూడండి. స్ట్రోకు (పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు చేసే ప్రయాణం) సగం వరకు గాలి, గ్యాసు పీల్చుకుంటుంది. సగంలో వాల్వు మూసుకుని రవ్వ పడుతుంది. అప్పటికి లోపల ఉన్న ఒత్తిడి బయటి గాలి ఒత్తిడే, అదిమినది ఏమీ లేదు. మండగానే ఒత్తిడి నాలుగైదు రెట్లు అవుతుంది. మిగిలిన సగం స్ట్రోకులో వాయువు వ్యాకోచించేది రెట్టింపు మాత్రమే. అంతలోనే వాల్వు తెరుచుకుని, ఇంకా సలసల కాగుతున్న వాయువు బయటికి పోతుంది. డబ్బు పెట్టి కొన్న వేడిలో నూటికి నాలుగైదు పాళ్లే పనిగా మారేది. తక్కిందంతా చిమ్నీలోకీ, సిలిండర్ చుట్టూ పారే నీటిలోకీ పోయేది. ఒక హార్స్‌పవర్ గంటసేపు రావాలంటే దాదాపు 100 ఘనపుటడుగుల గ్యాసు తాగేది. రెండు పక్కలా మంట కాబట్టి పిస్టన్‌కు చల్లబడే సందే లేదు. నూనె ధారగా పోస్తూ ఉండాలి. బాయిలర్ బాధ తప్పిందని కొన్నవాళ్లు గ్యాసు బిల్లు చూసి గుండె బాదుకున్నారు.

మీరు గమనించవలసింది ఒకటుంది. అదిమి మండించాలన్న ఊహ అప్పటికి ఎవరికీ రాలేదనుకోకండి. 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో, నియెప్స్ యంత్రం గురించి రాస్తూ, గాలిని ముందు పంపుతో కుదించి తర్వాత ఇంధనాన్ని మండిస్తే మేలన్నాడు. 1838లో ఇంగ్లండులో విలియం బార్నెట్ కంప్రెషన్ ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. 1862లో అల్ఫోన్స్ బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు, నేడు మీరు పరీక్షలో రాసే నాలుగు స్ట్రోకులను – పీల్చడం, అదమడం, మండి వ్యాకోచించడం, వదలడం – వరసగా రాసిపెట్టాడు. అంతే కాదు, మంచి ఇంజనుకు నాలుగు షరతులు చెప్పాడు: చల్లబరిచే గోడ వీలైనంత తక్కువ, పిస్టన్ వేగం వీలైనంత ఎక్కువ, వ్యాకోచం వీలైనంత ఎక్కువ, మొదలయ్యే ఒత్తిడి వీలైనంత ఎక్కువ. ఈ రోజు ఏ డిజైన్ ఇంజనీరును అడిగినా ఈ నాలుగే చెబుతాడు. కానీ బో ద రోషా ఒక్క ఇంజనూ చేయలేదు. ఆయన కరపత్రాన్ని పట్టించుకున్నవారూ లేరు.

కాగితం మీద ఉన్నది ఇనుములోకి రాకపోవడానికి కారణం నా మటుకు నాకు స్పష్టంగా తెలుసు: భయం, ఆ భయానికి తగిన అనుభవం. ముందే అదిమిన గ్యాసును పేలిస్తే దెబ్బ అనేక రెట్లు గట్టిగా తగులుతుంది. ఆనాటి పోత ఇనుము, ఆనాటి బేరింగులు దాన్ని ఓర్చుకోవాలి. ఈ భయాన్ని స్వయంగా చవిచూసినవాడు నికోలాస్ ఒట్టో.

ఒట్టో ఇంజనీరు కాదు. 1832లో జర్మనీలోని హోల్జ్‌హౌసెన్‌లో పుట్టి, కాఫీ, టీ, బియ్యం, చక్కెర అమ్ముకుంటూ ఊళ్లు తిరిగే సేల్స్‌మన్. లెన్వార్ ఇంజను గురించి విని 1861లో కొలోన్‌లోని ఒక మిస్త్రీ చేత దాని నమూనా చేయించుకున్నాడు. దానితో ఆడుకుంటూ ఒక పని చేశాడు. గ్యాసు, గాలి పీల్చుకోనిచ్చి, రవ్వ వేయకుండా ఫ్లైవీల్‌ను చేత్తో వెనక్కి తిప్పాడు. పిస్టన్ వెనక్కి వచ్చి మిశ్రమాన్ని అదిమింది. అప్పుడు రవ్వ వేశాడు. ఫ్లైవీల్ గిర్రున చాలా చుట్లు తిరిగింది. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. లివర్ దించినప్పుడు అరచేతికి తగిలే గోడ ఆయన చేతికీ తగిలి ఉంటుంది.

వెంటనే 1862లో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఇంజను కట్టించాడు. అది ఆ దెబ్బలకు కొద్దిసేపట్లోనే పాడైపోయింది. ఒట్టో ఆ దారి వదిలేసి పద్నాలుగేళ్లు వేరే దారిలో నడిచాడు.

ఆ వేరే దారి మీ పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంటుంది గాని, అది చాలా గొప్ప యంత్రం. 1864లో యూజెన్ లాంగెన్ అనే పెట్టుబడిదారు, చదువుకున్న ఇంజనీరు, ఒట్టోతో కలిశాడు. ఇద్దరూ కలిసి ఆ ఏడాది మార్చి 31న కొలోన్‌లో కంపెనీ పెట్టారు. అంతర్దహన ఇంజన్లు చేయడానికే పెట్టిన మొదటి కంపెనీ ప్రపంచంలో అదేనంటారు. వాళ్ల ఇంజను నిలువు స్తంభంలా ఉండేది. పేలుడు పిస్టన్‌ను దేనితోనూ బంధం లేకుండా పైకి విసిరేస్తుంది. పిస్టన్‌కు పైన పళ్ల కడ్డీ ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు ఆ కడ్డీ చక్రాన్ని ఊరికే తిప్పుతూ పోతుంది, సైకిల్ ఫ్రీవీల్‌ను వెనక్కి తొక్కినట్టు. పైన వాయువు చల్లారి లోపల శూన్యం ఏర్పడగానే, గాలి బరువూ పిస్టన్ బరువూ కలిసి కిందికి లాగుతాయి. అప్పుడు ఫ్రీవీల్ పట్టుకుని షాఫ్టును తిప్పుతుంది. ఇటలీలో భౌతికశాస్త్రం బోధించే మతగురువు బార్సాంతి, ఇంజనీరు మత్తెయూచీ కలిసి 1853 నుంచే ఇదే సూత్రం మీద పనిచేశారు. అయితే 1864లో బార్సాంతి జ్వరంతో చనిపోవడంతో వారి ప్రయత్నం సాగలేదు.

1867 పారిస్ ప్రదర్శనలో ఒట్టో, లాంగెన్‌ల ఇంజను చేసే గడగడ చప్పుడు విని న్యాయనిర్ణేతలు దాన్ని పక్కన పెట్టబోయారు. వారిలో లాంగెన్ స్నేహితుడైన ప్రొఫెసర్ ఫ్రాంజ్ రోలో ఉన్నాడు. ముందు గ్యాసు వాడకం కొలవండని పట్టుబట్టాడు. కొలిస్తే లెన్వార్ ఇంజను తాగే దానిలో సగం కూడా కాలేదు. బంగారు పతకం వచ్చింది. అదిమింది ఏమీ లేకపోయినా ఇది ఎందుకు గెలిచింది? విసిరిన పిస్టన్ చాలా వేగంగా, చాలా దూరం పోతుంది. వేడి గోడల్లోకి జారేలోగా వ్యాకోచం అయిపోతుంది. బో ద రోషా షరతుల్లో రెండు, మూడు తీరిపోయాయి. నాలుగోది మాత్రం మిగిలింది. అది లేకపోవడం వల్లే మనిషికి రెండింతల ఎత్తు ఇంజను పెట్టినా మూడు హార్స్‌పవర్‌కు మించి వచ్చేది కాదు. ఇలాంటివి దాదాపు 5,000 తయారయ్యాయి.

1876లో ఒట్టో మళ్లీ కంప్రెషన్ దగ్గరికి వచ్చాడు, ఈసారి ఒక్క సిలిండర్‌తో. నాలుగు స్ట్రోకులు, రెండు చుట్లకు ఒక దెబ్బ. నిమిషానికి 180 చుట్ల వేగంతో 3 హార్స్‌పవర్. నిప్పుకు బ్యాటరీ లేదు. బయట ఒక గ్యాసు దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. జారుడు పలకలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట దీపం దగ్గర మంటను అందుకుని, పలక జరగగానే బయటి దారి మూసుకుని, సిలిండర్ ముందుకు వచ్చి మంటను లోపలికి అందిస్తుంది. రెండు చుట్లకు ఒకసారి, రోజంతా, ఎక్కడా తప్పకుండా. ఈ పలకను అరగకుండా, గ్యాసు కారకుండా రుద్ది కూర్చోబెట్టినవారి చేతులకు దండం పెట్టాలి. పాత గడగడ ఇంజనుతో పోలిస్తే చప్పుడు ఎంత తక్కువంటే, ఇంగ్లండులో దాన్ని ‘నిశ్శబ్ద ఒట్టో’ అని పిలిచారు.

ఇక ఇందాక చెప్పిన వింత. ఒట్టో తన ఇంజను విజయానికి కారణం కంప్రెషన్ అనుకోలేదు. ఫ్యాక్టరీ చిమ్నీ పొగ మూతి దగ్గర చిక్కగా ఉండి, పోనుపోను పలచబడడం చూశాడట. సిలిండర్లో కూడా నిప్పు దగ్గర చిక్కటి మిశ్రమం, పిస్టన్ దగ్గర పలచటిది ఉంటే, ఆ పలచటి పొర పరుపులా పనిచేసి దెబ్బను మెత్తబరుస్తుందని నమ్మాడు. 1862లో ఇంజను పాడైన జ్ఞాపకం ఆయన్ని వదల్లేదని నాకనిపిస్తుంది. 1877 ఆగస్టు 4 నాటి జర్మన్ పేటెంటు నంబరు 532లో ఈ పొరల సంగతికే పెద్దపీట వేశాడు. బ్రిటన్‌లో రెండు స్ట్రోకుల ఇంజను చేసిన డుగాల్డ్ క్లెర్క్ దీన్ని గట్టిగా ఖండించి, అసలు లాభం అదిమినందువల్లే వచ్చిందని వాదించాడు. క్లెర్కే నిజం. మీరే లెక్క కట్టి చూడండి. 1876 ఇంజనులో అదిమింది రెండున్నర రెట్లే. గాలి ఒక్కటే ఉన్నట్టు లెక్కిస్తే, ఆ నిష్పత్తికి గరిష్ఠంగా వేడిలో నూటికి 31 పాళ్లు పనిగా మారవచ్చు. ఎనిమిది రెట్లు అదిమితే 56 దాకా వెళుతుంది. నిజమైన ఇంజనులో వచ్చేది అందులో సగమో, అంతకు కాస్త ఎక్కువో. కానీ నిచ్చెన మెట్లు అవే.

పేటెంటు కథకూ ఇదే ముడి. ఒట్టో కంపెనీకి జర్మనీలో నాలుగు స్ట్రోకుల మీద గుత్తాధిపత్యం వచ్చింది. హనోవర్‌కు చెందిన కోర్టింగ్ సోదరులు కోర్టుకు ఎక్కారు. ఎవరూ చదవని బో ద రోషా 1862 కరపత్రం అప్పుడు బయటికి వచ్చింది. 1886 జనవరి 30న జర్మన్ అత్యున్నత న్యాయస్థానం ఆ పేటెంటులో ప్రధాన భాగాన్ని కొట్టివేసింది. అంతకు ముందు రోజే, జనవరి 29న, మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. దాని వెనక ఉన్నది నాలుగు స్ట్రోకుల ఇంజనే.

కాబట్టి బెంజ్ ఇంజను కనిపెట్టినవాడు కాడు. ఇంజనుతో సహా మొత్తం బండిని ఒకే యంత్రంగా ఆలోచించినవాడు. ఒట్టో కంపెనీలో సాంకేతిక అధిపతిగా పనిచేసి 1882లో తగవుతో బయటికి వచ్చిన గోట్లీబ్ డైమ్లర్, ఆయన వెంట ఉన్న విల్‌హెల్మ్ మైబాక్ వేగం సంగతి పట్టుకున్నారు. మంటను మోసే పలక నిమిషానికి రెండు వందల చుట్లకు మించి పరుగెత్తలేదు. వాళ్లు దాన్ని తీసేసి, ఎర్రగా కాల్చిన చిన్న గొట్టాన్ని సిలిండర్‌కు బిగించారు. పిస్టన్ అదిమినప్పుడు మిశ్రమం ఆ గొట్టంలోకి ఎగదన్ని అంటుకుంటుంది. కంప్రెషనే ఇక్కడ నిప్పుకు కూడా పనికొచ్చింది. 1885 నాటికి 600 చుట్లు దాటారు. వేగం పెరిగితే అదే బలానికి బరువు తగ్గుతుంది. ఇంజను బండి ఎక్కగలిగింది అందుకే.

చివరి మెట్టు రుడాల్ఫ్ డీజిల్. కంప్రెషన్‌ను భయపడవలసిన దానిగా కాక, నమ్ముకోవలసిన దానిగా చూసిన మొదటి మనిషి ఆయన. గాలిని బాగా అదిమితే ఆ వేడికే ఇంధనం అంటుకోవాలి, వేరే నిప్పు ఎందుకు అన్నాడు. మొదట కాగితం మీద 250 వాతావరణ పీడనాల దాకా వెళ్లాడు, తర్వాత చేయగలిగినంతకు దిగాడు. 1893 ఆగస్టులో ఆగ్స్‌బుర్గ్‌లో తొలి పరీక్షలో ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజను ఒక నిమిషం పాటు తనంతట తాను నడిచింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ కొలిచినప్పుడు వేడిలో నూటికి 26.2 పాళ్లు పనిగా మారింది. లెన్వార్ నాలుగైదు పాళ్ల నుంచి ముప్పై ఏడేళ్లలో అక్కడికి చేరారు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది.

ఒట్టో ఇంజనుకూ డీజిల్ ఇంజనుకూ మధ్య ఒక తరహా ఉంది, దాని గురించి రాయకపోతే నా గురువుకు ద్రోహం చేసినట్టే. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో పేటెంటు తీసుకున్న హాట్ బల్బు ఇంజను. హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి అమ్మింది. తక్కువ కంప్రెషన్, దానికి తోడు ఎర్రగా కాలిన ఇనుప బుడ్డి. నేను పని నేర్చుకున్న మిల్లులో అలాంటి ముసలి ఇంజను ఒకటి ఉండేది. తెల్లవారుజామున బ్లో ల్యాంపు వెలిగించి బుడ్డిని పావుగంట కాల్చేవాళ్లం. మా మేస్త్రీ దాని రంగు చూసి, ‘ఇప్పుడు కొట్టు’ అనేవాడు. కొంచెం ముందు కొడితే అంటుకోదు, ఇంకా కాలనిస్తే వెనక్కి తంతుంది. డీజిల్ ఇంజనుకు ఈ కాల్చే పని అక్కరలేదు. గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు అదిమే పిస్టనే ఆ బుడ్డి పని చేసేస్తుంది.

పరీక్షలో ఏమి రాయాలంటే, ఇలా రాయండి: నమూనాగా మొదట నడిపినవారు 1807లో నియెప్స్ సోదరులు, రివాజ్. వ్యాపారంగా మొదట పెద్ద సంఖ్యలో అమ్మినవాడు 1860లో పేటెంటు తీసుకున్న లెన్వార్. నాలుగు స్ట్రోకులను కాగితం మీద పెట్టినవాడు 1862లో బో ద రోషా, ఇనుములో నడిపి చూపినవాడు 1876లో ఒట్టో. ఇంజను బండికి 1886లో పేటెంటు కోరినవాడు బెంజ్. ఒకే పేరు రాయమని అడిగితే ఒట్టో అని రాయండి, పక్కన ‘కంప్రెషన్‌తో నాలుగు స్ట్రోకుల ఇంజను’ అని తప్పక చేర్చండి.